గడప లోపలి స్వాతంత్ర్యము

“ఇంటి గుట్టు లంకకు చేటు” అను సామెత నెరుగని తెలుగువారుండరు. రావణుని కోటను కూల్చినది వానరసేన యొక్కటియే కాదనియు, ఇంటిలోని మాట బయటికి పోవుట చేత ఆ కోట అంతకు ముందే బీటలు వారినదనియు దీని భావము. గుట్టు, మరుగు, చాటు, ఏకాంతము అను మాటలు మన భాషలో ఎంత సహజముగా నున్నవో, “రట్టు” అను మాట యంత భయంకరముగా నున్నది. “గుట్టుగా కాపురము చేసికొనుచున్నారు” అనుట ఒక కుటుంబమునకు పెద్దలిచ్చు యోగ్యతాపత్రము. “గోడలకు చెవులుండును” అనుట పెద్దలు చేయు హెచ్చరిక.

అయితే ఇవియన్నియు మర్యాదకు సంబంధించిన మాటలు. మర్యాద తప్పినవానిని లోకము నిందింపగలదు గాని, న్యాయస్థానము శిక్షింపజాలదు. ఇంటిలోనికి తొంగిచూచినవాడు పొరుగువాడైనచో తలుపు వేసికొనవచ్చును. తొంగిచూచినది ప్రభుత్వమే యైనచో ఏ తలుపు వేసికొనవలెను? ఈ ప్రశ్నకు భారతదేశమున సమాధానము దొరకుటకు దీర్ఘకాలము పట్టినది. ఆ సమాధానమును రూపొందించినవారిలో ఆంధ్రులు కొందరు ముఖ్యులగుట మనవారందరును తెలిసికొనదగిన విషయము.

ప్రాచీనులకు ఈ భావము తెలియకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు గృహనిర్మాణమునకు నియమములు కలవు. ఇరుగుపొరుగు ఇండ్ల నడుమ ఎడముండవలెననియు, పొరుగింటికి బాధ కలుగునట్లు వాకిళ్ళు, కిటికీలు పెట్టరాదనియు, అతిక్రమించినవారికి జరిమానా యనియు అందు చెప్పబడినది. కాని ఆ గ్రంథమే సన్న్యాసుల వేషమునను, వర్తకుల వేషమునను తిరుగు గూఢచారుల నెట్లు నియోగింపవలెనో విస్తరించి చెప్పినది. పొరుగువాని కంటినుండి ప్రజలను కాపాడిన రాజు తన కంటినుండి మాత్రము వారిని కాపాడలేదు. తరువాతి చరిత్ర యంతయు ఈ రెండవ కంటిని గూర్చినదే.

ఖరగ్‌పూరు తెలుగువారికి ఈ విషయము పుస్తకములలోనిది మాత్రమే కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పంతొమ్మిదవ శతాబ్ది చివర ఇచ్చట కూడలి నెలకొల్పిన పిమ్మట, మార్గము పొడవునను గల తెలుగు జిల్లాలనుండి వేలకొలది కుటుంబములు ఇచ్చటికి తరలివచ్చినవి. 1920ల చివర జరిగిన రైల్వే కార్మికుల సమ్మెలకు నాయకత్వము వహించినవారిలో వరాహగిరి వేంకటగిరి ప్రముఖుడు. ఆయనయే 1969లో రాష్ట్రపతి యయ్యెను. వరుసగా కట్టిన రైల్వే క్వార్టర్లలో ఒక ఇంటి మాట మరియొక ఇంటికి వినబడును. ఇల్లు ప్రభుత్వముది, గోడ ఉమ్మడిది, కాపురము మాత్రమే తనది. అట్టి చోట గుట్టు కాపాడుకొనుట గృహిణులకు నిత్యవ్రతము.

ఊరికి వ్రాయు ఉత్తరమునందును ఇదియే చిక్కు. భారతదేశమున పోస్టుకార్డు 1879లో ప్రవేశపెట్టబడెను. క్షేమసమాచారమునకు కార్డు చాలును. అప్పు సంగతి, ఆడపిల్ల సంబంధము సంగతి, అత్తవారింటి కష్టము సంగతి అయినచో కవరు కావలెను. కార్డునకును కవరునకును గల భేదము కేవలము పైకములో గల భేదము కాదు. కవరు అంటించినవాడు, అది ఎవరి పేర వ్రాయబడినదో వారు తప్ప మరియెవ్వరును విప్పరను నమ్మకమును కూడ అందు పెట్టి అంటించుచున్నాడు. ఆ నమ్మకమును మోసికొనిపోయినవారు తపాలా ఉద్యోగులును, రైలు తపాలా ఉద్యోగులును. 1898 నాటి తపాలా చట్టము, కర్తవ్యమునకు విరుద్ధముగా ఉత్తరమును విప్పిన ఉద్యోగికి శిక్ష విధించినది. ఆ చట్టమే ప్రజా క్షేమము పేర ఉత్తరమును పట్టుకొను అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. టెలిగ్రాములను గూర్చి 1885 నాటి చట్టమును అట్లే అధికారమిచ్చినది.

ఆ అధికారము పరిపూర్ణరూపమున నెట్లుండునో చూడగోరువారు పూరీ గేటు నుండి హిజ్లీ వైపు కొంతదూరము పోయినచో చాలును. నేడు ఐ.ఐ.టి. ఆవరణలో హిజ్లీ షహీద్ భవన్ అని పిలువబడు కట్టడము 1930లో నిర్బంధ శిబిరముగా తెరువబడెను. న్యాయస్థానము దోషులని నిర్ణయింపని బెంగాలు యువకులను, అనుమానము మీదనే అందుంచిరి. నిర్బంధితుని ఉత్తరము పరిశీలకుని కన్ను సోకనిదే తల్లిని చేరదు. తల్లి ఉత్తరమును కొడుకును చేరదు. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి పోలీసులు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇరువురు మరణించిరి. వారి భౌతికకాయముల కొరకు సుభాష్ చంద్రబోసు హిజ్లీకి వచ్చెను. రవీంద్రనాథ ఠాకూరు అస్వస్థతను లెక్కింపక కలకత్తా బహిరంగసభలో ఆ దారుణమును ఖండించెను. 1951లో ఆ కట్టడమునందే దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమయ్యెను. చెరసాల విద్యాలయమైన ఈ మార్పు స్వాతంత్ర్యమునకు చక్కని గుర్తు.

ఇట్టి అనుభవముల నుండి వచ్చిన నాయకులే రాజ్యాంగమును వ్రాయ గూర్చుండిరి. కావున ఇంటికిని, ఉత్తరమునకును రక్షణ కల్పింపవలెనను తలంపు వారికి సహజముగనే కలిగెను. 1947 మార్చిలో కె.ఎం. మున్షీ తన చిత్తుప్రతియందు గృహమునకును, ఉత్తర ప్రత్యుత్తరముల రహస్యమునకును రక్షణ కోరెను. డాక్టరు అంబేద్కరు తన ప్రణాళికలో అకారణమైన సోదాలనుండి రక్షణ కోరెను. ప్రాథమిక హక్కుల ఉపసంఘము ఈ భావముల నంగీకరించెను. కాని నెల్లూరు జిల్లా పుదూరున జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరును, రాజ్యాంగ సలహాదారుడైన బి.ఎన్. రావును అభ్యంతరము తెలిపిరి. దావాలలో ఉత్తరములు ముఖ్యమైన సాక్ష్యములు గదా, వాటి రహస్యము ప్రాథమిక హక్కైనచో న్యాయవిచారణ యెట్లు సాగునని అయ్యరు శంక. నేరపరిశోధనకు ఆటంకము కలుగునని రావు శంక. ఈ శంకలు దురుద్దేశముతో గూడినవి కావు. విభజన నాటి కల్లోలమున దేశమును నిలుపవలసినవారికి కలిగిన శంకలు. ఏమైనను 1947 ఏప్రిలులో సలహాసంఘము ఆ నిబంధనలను విడిచిపెట్టెను. మరుసటి సంవత్సరమే, 1948 డిసెంబరు 10వ తేదీన, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన విశ్వమానవ హక్కుల పత్రములో 12వ అధికరణము వ్యక్తి ఏకాంతమునకును, ఇంటికిని, ఉత్తరములకును రక్షణ ప్రకటించినది. మన రాజ్యాంగమున మాత్రము ఆ మాట లేకపోయెను.

లేని మాటకు మొదటి దెబ్బ 1954లో తగిలెను. ఎం.పి. శర్మ కేసులో ఎనమండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము, సోదాల విషయమున అమెరికా రాజ్యాంగమునందలి రక్షణవంటిది మన రాజ్యాంగమున లేదనియు, దానిని లాగి తెచ్చి చేర్చుటకు కారణము కనబడదనియు అభిప్రాయపడెను.

పిమ్మట వచ్చినది ఖడక్ సింగు కేసు. ఇతడు ఉత్తరప్రదేశమునకు చెందిన సామాన్యుడు. 1941లో ఒక బందిపోటు కేసులో పోలీసులు ఇతనిని పట్టుకొనిరి. సాక్ష్యము లేకపోవుటచే విడిచిపెట్టిరి. అయినను ఇతని పేర హిస్టరీ షీటు తెరచి, నిఘాలో నుంచిరి. చౌకీదారులును, పోలీసులును రాత్రివేళల వచ్చి తలుపు తట్టుదురు, కేకలు వేయుదురు, నిద్ర లేపుదురు. కొన్ని పర్యాయములు నిద్రనుండి లేపి ఠాణాకు రప్పించుకొనిరి. పొరుగూరు పోవలెనన్నను ఎచ్చటికి పోవుచున్నాడో, ఎప్పుడు తిరిగివచ్చునో చెప్పి పోవలెను. అతడు పోవు ఊరి ఠాణాకు ఆ కబురు ముందుగా చేరును. నేరము రుజువు కాని మనిషికి అర్ధరాత్రి తలుపు చప్పుడే యావజ్జీవ శిక్ష యయ్యెను. అతడు సుప్రీంకోర్టు నాశ్రయించెను.

1962 డిసెంబరు 18వ తేదీన ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. నలుగురు రాత్రివేళ ఇంటికి వచ్చుట చెల్లదనిరి. ఇల్లు మనిషికి కోట యను ఆంగ్లదేశపు 1604 నాటి తీర్పును వారు స్మరించిరి. కాని తక్కిన నిఘా యంతయు చెల్లుననిరి. ఏకాంతము రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదు గావున, మనిషి రాకపోకలను గమనించుట వలన ఏ ప్రాథమిక హక్కును భంగము కాదని వారి నిర్ణయము.

దీనికి సమ్మతింపనివారిద్దరు. ఒకరు జస్టిస్ జె.సి. షా. ఆ యిద్దరి అభిప్రాయమును వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసులో న్యాయవాదియై, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఆంధ్రుడాయన. రాజ్యాంగము ఏకాంత హక్కును పేరుపెట్టి చెప్పని మాట నిజమే. అయినను వ్యక్తిస్వాతంత్ర్యమునకు అది ప్రాణభూతమైన అంశమని ఆయన చెప్పెను. మనిషిని గొలుసులతో కట్టుట యొక్కటే నిర్బంధము కాదు. కంటికి కనబడని గొలుసులును కలవు. తన ప్రతి అడుగును ఎవరో వ్రాసికొనుచున్నారని తెలిసిన మనిషి నడువగలడు గాని, స్వేచ్ఛగా నడువలేడు. మాటాడగలడు గాని, మనసు విప్పి మాటాడలేడు. ఆ నీడ అతని మనస్సునందే భయమును నాటును. కావున నిఘా నిబంధన యంతయు రాజ్యాంగ విరుద్ధమని సుబ్బారావు తీర్మానించెను. ప్రాథమిక హక్కులు వేర్వేరు పెట్టెలలో పెట్టి తాళము వేసినవి కావనియు, ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండుననియు కూడ ఆయన అభిప్రాయము.

ఆనాడు ఆరుగురిలో ఇద్దరి మాట చెల్లదు. సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియై, 1967 ఏప్రిలులో పదవికి రాజీనామా యిచ్చి, రాష్ట్రపతి ఎన్నికలో డాక్టరు జాకీర్ హుసేనుపై పోటీచేసి ఓడిపోయెను. 1976 మేలో మరణించెను. ఆయన మరణమునకు కొలదిదినముల ముందే, అత్యవసర పరిస్థితి కాలమున, నిర్బంధితునికి న్యాయస్థానము నాశ్రయించు దారియే లేదని సుప్రీంకోర్టు జబల్‌పూరు కేసులో తీర్పు చెప్పెను. హిజ్లీ నాటి చీకటి స్వతంత్ర భారతమునందును ఒకసారి కమ్మినది.

కాని మంచి మాట మట్టిలో పడిన విత్తనము వంటిది. 1970లో బ్యాంకుల జాతీయీకరణ కేసులోను, 1978లో మేనకా గాంధీ కేసులోను హక్కులు వేర్వేరు పెట్టెలు కావను సుబ్బారావు వాదమునే న్యాయస్థానము స్వీకరించెను. 1975లో గోవింద్ కేసులో ఏకాంత హక్కు ఉండవచ్చునని మొదటిసారి తలయూచెను. 1980 డిసెంబరులో మాలక్ సింగు కేసున మరియొక ఆంధ్రుడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, నిఘా రిజిస్టరును గూర్చి తీర్పు వ్రాసెను. నేరముల నివారణకు నిఘా అవసరము కావచ్చును. కాని అది మనిషి గౌరవమును, స్వేచ్ఛను నలిపివేయునంతటిది కారాదనియు, తగిన కారణము లేనిదే ఎవరి పేరును రిజిస్టరున కెక్కింపరాదనియు అందలి సారము.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండియే మరియొక సాహసోక్తి వెలువడెను. 1983లో సరిత కేసున జస్టిస్ పి.ఎ. చౌదరి, భర్తతో కాపురము చేయుమని భార్యను న్యాయస్థానము ఆజ్ఞాపింపజాలదనియు, స్త్రీ దేహమును గూర్చిన నిర్ణయము ఆమె ఏకాంత హక్కులోనిదే యనియు చెప్పి, హిందూ వివాహ చట్టము 9వ సెక్షనును కొట్టివేసెను. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చెను. గుట్టు అనగా ఇంటి గోడయే కాదనియు, ఆ గోడ లోపల గల స్త్రీకి తనదైన మరుగు వేరుగ నుండవలెననియు చెప్పిన ఆ తీర్పు మాత్రము చదువరులను నేటికిని ఆలోచింపజేయుచున్నది. కుటుంబపు గుట్టు పేర కోడలి కన్నీరు దాచుట ధర్మము కాదు.

1996 డిసెంబరు 18వ తేదీన, ఖడక్ సింగు తీర్పు వెలువడి సరిగా ముప్పదినాలుగు సంవత్సరములు నిండిన దినమున, టెలిఫోను సంభాషణలు చాటుగా వినుటను గూర్చి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. టెలిఫోనులో మాటాడుట ఏకాంత హక్కులోనిది. హోంశాఖ కార్యదర్శి ఆజ్ఞ లేనిదే వినరాదు. ఆజ్ఞ రెండు నెలలకు మించి నిలువదు. పొడిగించినను మొత్తము ఆరునెలలు దాటరాదు. ఆజ్ఞలను ఒక సంఘము పునఃపరిశీలింపవలెను. అధికారము వద్దనలేదు, దానికి కట్టుగొయ్య నాటిరి.

2004 నవంబరులో వచ్చిన కెనరా బ్యాంకు కేసును హైదరాబాదు నుండి పోయినదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపు చట్టమును సవరించి, బ్యాంకులోనున్న ఖాతాదారుల పత్రములను అధికారి, అతడు నియోగించిన మరియెవరైనను తనిఖీచేసి తీసికొనిపోవు వీలు కల్పించెను. అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పెను. కాగితము బ్యాంకు బీరువాలో నున్నంత మాత్రమున అందలి రహస్యము ఖాతాదారునిది కాకపోదు. ఏకాంత హక్కు స్థలమునకు చెందినది కాదు, మనిషికి చెందినది. ఈ యొక్క వాక్యార్థము క్వార్టర్లలో కాపురముండు ఉద్యోగులు మరువరానిది. ఇల్లు ప్రభుత్వముదే కావచ్చును. అందలి జీవితము మాత్రము ఉద్యోగిది, అతని భార్యాబిడ్డలది.

ఉద్యోగులకు సంబంధించిన మరియొక తీర్పు 2012లో వచ్చెను. ఒక ఉద్యోగికి వచ్చిన మెమోలు, అతని ఆస్తి వివరములు, ఆదాయపు పన్ను పత్రములు సమాచార హక్కు చట్టము క్రింద ఇతరులు కోరినపుడు, విస్తృత ప్రజాప్రయోజనము లేనిదే ఈయనక్కరలేదని సుప్రీంకోర్టు చెప్పెను. ఇచ్చట రెండు ధర్మములు ఎదురుపడుచున్నవి. ప్రభుత్వము పారదర్శకముగా నుండవలెను. ఉద్యోగి మనిషిగా బ్రతుకవలెను. అతని సంతకము క్రింద జరిగిన పని ప్రజలది; అతని ఇంటి జబ్బు, ఇంటి అప్పు అతనివి. ఈ సరిహద్దు ఎచ్చట గీయవలెనను వివాదము నేటికిని తీరలేదు.

తుదకు ఆధార్ సంఖ్య వచ్చినది. వ్రేలిముద్రలు, కంటిపాప గుర్తులు కూడ నమోదగుచుండగా, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఏకాంత హక్కు ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వ న్యాయవాది 1954, 1962 నాటి తీర్పులను చూపెను. కావున తొమ్మండుగురు న్యాయమూర్తులు కూర్చుండవలసివచ్చెను. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2017 ఆగస్టు 24వ తేదీన వారందరును ఏకగ్రీవముగా ఏకాంత హక్కు ప్రాథమిక హక్కు అని ప్రకటించిరి. ఖడక్ సింగు తీర్పునందు ఈ హక్కును కాదన్న భాగమును తొలగించి, సుబ్బారావు అభిప్రాయమే సరియైనదనిరి. జబల్‌పూరు తీర్పును కూడ తప్పనిరి. ఆ నాటి తీర్పులో పాల్గొన్న జస్టిస్ వై.వి. చంద్రచూడ్ కుమారుడే ఈ మాట వ్రాసినవాడు. ఏబదియైదు సంవత్సరముల క్రింద ఓడిపోయిన ఆంధ్ర న్యాయమూర్తి మాట, ఆయన మరణించిన నలుబది యొక్క సంవత్సరములకు దేశశాసనమయ్యెను.

తొమ్మండుగురు హక్కును గుర్తించిరి గాని, అది హద్దులు లేనిదని చెప్పలేదు. చట్టము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ఆ ప్రయోజనమునకు మించిన చొరబాటు ఉండరాదు. 2018 సెప్టెంబరులో ఆధార్ చట్టము చాలవరకు నిలిచినది. బ్యాంకు ఖాతాలకును, టెలిఫోనులకును దానిని తప్పనిసరి చేయుట మాత్రము నిలువలేదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు ప్రత్యేక చట్టము పార్లమెంటు చేసెను. ఆ సంవత్సరమే క్రొత్త తపాలా చట్టమును చేసెను. అది 2024 జూనులో అమలునకు వచ్చి, 1898 నాటి చట్టమును తొలగించినది. ఉత్తరమును పట్టుకొను అధికారము అందును కలదు. కర్తవ్యవిరుద్ధముగా ఉత్తరము విప్పిన ఉద్యోగికి పాత చట్టము విధించిన శిక్ష మాత్రము అందు లేదు. హక్కు గెలిచినదని నిద్రపోరాదనుటకు ఇదియొక నిదర్శనము.

నేడు కార్డులును కవరులును తగ్గినవి. కుటుంబపు సంగతులు, పిల్లల ఛాయాచిత్రములు, జీతపు లెక్కలు చేతిలోని ఫోనులో తిరుగుచున్నవి. ఖడక్ సింగు వెంట చౌకీదారు నడువవలసి వచ్చెను. నేడు మనిషి తన వెంట తిరుగు సాక్షిని తానే జేబులో పెట్టుకొని పోవుచున్నాడు. అందుచేత రక్షణ ప్రభుత్వమునుండి మాత్రమే కాదు, వర్తకులనుండియు, ఒక్కొక్కసారి ఆప్తులనుండియు కూడ కావలసియున్నది. పొరుగువారి శుభకార్యమునందు తీసిన చిత్రమును వారి నడుగక పదిమందికి పంపుట, ఆఫీసు దస్త్రములోని తోటివాని జబ్బు సంగతి టీ వేళ చెప్పుకొనుట చిన్న తప్పులుగ తోచును. కాని రట్టు అను మహావృక్షమునకు ఇవియే విత్తనములు.

రైల్వేవారికి గేటు సంగతి చెప్పనక్కరలేదు. గేటు ఎల్లప్పుడు మూసియున్నచో బాట లేదు. ఎల్లప్పుడు తెరచియున్నచో ప్రాణము లేదు. ఎప్పుడు మూయవలెనో, ఎవరి ఆజ్ఞపై తెరువవలెనో నియమము కలదు. ఆ నియమము గేటు కాపరికిని వర్తించును. ఇంటి గడప విషయమునను రాజ్యాంగము కోరునది ఇంతమాత్రమే. సుబ్బారావు ఆరుగురిలో ఇద్దరి పక్షమున నిలిచి చెప్పినది, ఆ గడపలోపల నిదురించు నిరుపేద తలుపునకును ఆ నియమము వర్తింపవలెనని. ఆ మాట తెలుగువాని నోట వెలువడినందుకు గర్వించుటతో సరిపోదు. తోటివాని గుట్టును తన గుట్టువలె కాపాడినపుడే ఆ గర్వమునకు మనవారు అర్హులగుదురు.